యంత్రం పోయినా మిగిలే లాగ్

సర్వర్ ఎంతకాలం ఆగకుండా నడిచింది, ఆగితే ఎందుకు ఆగింది అన్న రెండు ప్రశ్నలు వర్చువల్ యంత్రాలంత పాతవి. 1960ల నడిమిలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం పరిశోధకులు సీపీ-40 వ్యవస్థతో ఒకే మెయిన్‌ఫ్రేమ్‌ను పలువురికి పలు యంత్రాలుగా పంచి ఇచ్చారు. 1972లో ఆ ఆలోచనే వీఎం/370గా బయటికి వచ్చింది. యూనిక్స్ లోకంలోనేమో ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే లాగ్‌ల తీరు చాలాకాలం ఎవరి దారి వారిదే. ప్రతి ప్రోగ్రామూ తనకు తోచిన ఫైల్లో, తోచిన రీతిలో రాసుకునేది. 1980ల ఆరంభంలో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ తన మెయిల్ ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్ కోసం సిస్‌లాగ్ రాయడంతో ఆ చెదురు బతుకు ముగిసింది. ఏ విభాగం నుంచి వచ్చింది, ఎంత తీవ్రమైనది అన్న వివరాలు ప్రతి సందేశానికీ తోడయ్యాయి. ఇంత సాదా ఏర్పాటు ఇన్ని తరాలు నిలవడం నా దృష్టిలో ఈ చరిత్రలోకెల్లా గొప్ప విషయం. నమోదుల విలువ ఎంతటిదో 1986లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో తేలింది: వాడకపు లెక్కల్లో తేడా వచ్చిన 75 సెంట్ల వెంట పడి అక్కడి సిస్టమ్ నిర్వాహకుడు క్లిఫర్డ్ స్టోల్ ఏకంగా ఒక విదేశీ గూఢచారి జాడ పట్టాడు.

లైనక్స్ వచ్చాక లాగ్‌లు డిస్కు నిండా పెరిగి, ఆ నిండిన డిస్కే సర్వర్‌ను పడగొట్టే పరిస్థితి దాపురించింది. దానికి మందుగా 1990లలో లాగ్‌రొటేట్ వచ్చింది. వారానికోసారి పాత ఫైలుకు అంకె తగిలించి పక్కకు జరపడం, కావాలంటే కుదించడం, గడువు తీరినదాన్ని తుడిచేయడం దాని పని. అప్‌టైమ్ ఆదేశం చూపే రోజుల సంఖ్య అడ్మిన్లకు ప్రతిష్ఠగా ఉన్న కాలమది. ఆ సంఖ్య వెనక సెకనుకు వంద చొప్పున లెక్కపెట్టే 32 బిట్ల లెక్క 497 రోజులకు నిండి మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. రీబూటే కాని సర్వర్ నిన్న లేచినట్టు కనిపించేది.

2001లో వీఎంవేర్ ఈఎస్ఎక్స్, 2003లో జెన్, 2007లో లైనక్స్ కెర్నెల్‌లోకే చేరిన కేవీఎం వర్చువల్ యంత్రాలను మామూలు సర్వర్లకు తెచ్చాయి. వాటితో కొత్త చిక్కూ వచ్చింది. అసలు యంత్రం (హోస్ట్) మీద భారం పెరిగితే దానిలోని వర్చువల్ యంత్రం (గెస్ట్) గడియారం వెనకబడి, ఒకే సంఘటన రెండు లాగ్‌లలో రెండు వేళల్లో నమోదయ్యేది; ఎన్‌టీపీతో గడియారాలు సరిచేస్తేనే ఏది ముందో తెలిసేది. అసలు మలుపు 2006లో వర్చువల్ యంత్రాలను అద్దెకిచ్చే అమెజాన్ ఈసీ2తో వచ్చింది. పొద్దున పుట్టిన యంత్రం సాయంత్రానికి ఉండదు, దాని డిస్కులోని లాగ్ దానితోనే పోతుంది. అందుకే ఆర్‌సిస్‌లాగ్, లాగ్‌స్టాష్, ఎలాస్టిక్‌సెర్చ్ వంటివాటితో లాగ్‌లు యంత్రాన్ని వదిలి వేరే చోటికి చేరాయి. ఆగకుండా నడిచిన కాలపు లెక్క కూడా యంత్రం నుంచి సేవకు మారింది: 99.9 శాతం అంటే ఏడాదిలో ఎనిమిదిముప్పావు గంటలే ఆగవచ్చు. ఏళ్ల తరబడి రీబూట్ కాని సర్వర్‌ను చూస్తే ఇప్పుడు కెర్నెల్ ప్యాచ్‌లు పడలేదేమోనన్న అనుమానమే ముందు కలుగుతుంది. ఆ మార్పు మంచిదే.

మన దేశంలో లాగ్‌లు దాచడం నిబంధనగానూ మారింది: 2022 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 180 రోజుల లాగ్‌లు భద్రపరచాలనీ, గడియారాలు ఎన్‌టీపీతో సరిచూసుకోవాలనీ ఆదేశించింది.