పున్నమికీ అమావాస్యకీ నడుమ

మా దండారీని గురించి రాసేవాళ్లు ఎక్కువగా గుస్సాడీ దగ్గరే ఆగిపోతారు. నెమలి పింఛాల టోపీ, ఒంటినిండా బూడిద, భుజాన తోలు, చేతిలో గంగారాం సోటె. 2021లో మర్లవాయి కనక రాజుగారికి పద్మశ్రీ వచ్చాక ఆ వేషం దేశమంతటికీ తెలిసింది. అది మాకు గర్వమే. కానీ దండారీలో రాత్రి ఆడే చిన్న నాటకాలూ ఉన్నాయి. వాటిని ఖేల్ అంటాం. వాటి సంగతి రాసినవాళ్లు తక్కువ.

దండారీ అంటే ఒక ఊరు ఇంకో ఊరికి చుట్టమై పోవడం. దీపావళికి ముందు గుమ్మెల, పర్ర, పెప్రె వాయించుకుంటూ బృందం వస్తుంది. రాం రాం చెప్పుకుంటాం, అన్నం పెడతాం. చీకటి పడ్డాక ఖేల్ మొదలవుతుంది. ఆడవేషాలు కూడా మగపిల్లలవే. రాసిపెట్టుకున్న మాటలుండవు.

జంగ్లాత్ వాళ్ల జులుం మీద, భూముల కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పున్నమినాడు ఆయన వర్ధంతి చేసుకుంటాం. ఆ తర్వాత వచ్చే అమావాస్యే దీపావళి. మా ఏడుపుకీ మా ఆటకీ నడుమ ఒక్క పక్షమే ఎడం.

ఆ ఎడం ఎంత చిన్నదో మాకు ఒక ఏడు తెలిసింది. వానకాలంలో మా నాయన పోయాడు. పత్తి కూడా చేతికి రాలేదు. దండారీ వచ్చిందంటే మేము ఇంట్లోనే కూర్చున్నాం. చుట్టపు ఊరి ముసలాయన గడప దగ్గరికొచ్చి, "మీ నాయన మా ఊరికొచ్చి ఆడిన మనిషి. మీరు రాకుంటే ఎవరికి ఆడాలె?" అన్నాడు. పోయాం. ఆ రాత్రి ఒక పిల్లవాడు జంగ్లాత్ చౌకీదార్ వేషం కట్టాడు. ఎడ్లబండిని ఆపి, కర్రలు లెక్కపెట్టబోయి, లెక్క తప్పి, చివరికి తన చేతికర్రకే జుర్మానా రాశాడు. నెలల తర్వాత మా అమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

భయపెట్టినవాణ్ణి ఆటలో పెట్టి నవ్వడం, దుఃఖంలో ఉన్న ఇంటిని పిలిచి నలుగురిలో కూర్చోబెట్టడం ఖేల్ చేసే పని. వేదిక మీద పది నిమిషాల నృత్యంలో ఇది పట్టదు. మన చరిత్రలో తూటాల సంగతి రాసుకున్నాం. ఆ తూటాల తర్వాత మనుషులు ఎలా బతికారో కూడా రాయాలి. ఖేల్ ఆడిన పెద్దలు ఇంకా ఊళ్లలో ఉన్నారు. ఈ దండారీకే వాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకుందాం.