అంత్యక్రియల ఆచారాలు, చట్టం: కామారెడ్డి ప్రాంతం

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో మృతులకు జరిపే సంస్కారాలు కులాన్ని, మతాన్ని, కొన్నిచోట్ల ఇంటి పేరును బట్టి కూడా మారుతాయి. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఈ ఆచారాలకు చట్టం ఎంతవరకు గుర్తింపు ఇచ్చిందన్నది ఈ వ్యాస విషయం.

ఆచారాలు

దహనమే హిందువుల పద్ధతి, ఖననం ఇతరులది అనే విభజన ఇక్కడ పనికిరాదు. వెనుకబడిన కులాల్లో, దళితుల్లో చాలా కుటుంబాలు బొంద పెడతాయి. ఊరి శ్మశానానికి బొందలగడ్డ అన్న పేరు అందువల్లే వచ్చి ఉంటుంది. పెళ్లికాని వారిని పూడ్చి, పెళ్లయిన వారిని కాల్చే వాడుక లంబాడీ తండాల్లోనూ మరికొన్ని కులాల్లోనూ ఉంది. నిజాం రాజ్యపు కులాలపై సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో తెచ్చిన గ్రంథం ఈ పద్ధతులను కులాల వారీగా వర్ణిస్తుంది. ఈనాటి వాడుక కులాన్ని బట్టి స్థిరంగా లేదు. ఒకే కులంలో ఒక ఇల్లు కాలుస్తుంది, పక్క ఇల్లు పూడుస్తుంది.

కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దున ఉన్న జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు లింగాయతులు మృతుణ్ణి కూర్చున్న భంగిమలో, అరచేతిలో ఇష్టలింగంతో సమాధి చేస్తారు. దీనికి లోతైన గుంత కావాలి.

శవయాత్రలో పాడెను దారి మధ్యలో దింపుడు కళ్లం అనే చోట దించుతారు. దగ్గరి బంధువు వంగి, మృతుని చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. పలకకపోతే భుజాలు మార్చుకొని పాడె లేపుతారు. దింపుడు కళ్లం ఆశ అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. బొందలగడ్డకు రికార్డులో సర్వే నంబరైనా ఉండవచ్చు, దింపుడు కళ్లానికి అదీ ఉండదు. పక్క పొలం ఆసామి దారి మూసినప్పుడు ముందుగా పోయేది ఆ చోటే.

చట్టంలో స్థానం

ఖననం, దహనం, వాటి స్థలాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో పదో అంశం. మతాచారానికి 25, 26 అధికరణాలు, మృతదేహ గౌరవానికి 21వ అధికరణం ఆధారం. పరమానంద్ కటారా పేరుతో సుప్రీంకోర్టు తీర్పులు రెండున్నాయి, రచయితలు తరచూ వాటిని కలిపేస్తారు. 1989 నాటిది ప్రమాద బాధితుల వైద్యం గురించి. జీవించే హక్కులోని గౌరవం మృతదేహానికీ వర్తిస్తుందన్నది 1995 తీర్పు. శ్మశానంలో అక్రమంగా చొరబడడం, శవాన్ని అవమానించడం, అంత్యక్రియలకు కూడిన వారిని ఇబ్బంది పెట్టడం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడే నేరాలు. పాత శిక్షాస్మృతిలో ఇది 297వ సెక్షన్.

అంటరానితనం పేరుతో దళితులను శ్మశానం వాడుకోనివ్వకపోవడం 1955 పౌరహక్కుల చట్టం నాటి నుంచే నేరం. గిరిజనులకూ వర్తించే 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ శ్మశానంతో పాటు దారిని కూడా పేరు పెట్టి చేర్చింది. దీనికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ఈ సవరణలో అన్నిటికంటే పనికొచ్చే మాట ఆ ‘దారి’ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సంతాప దినాల సంగతి చట్టంలో పలుచన. పది రోజుల మైలకు గాని, ముస్లిం వితంతువు పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌కు గాని ప్రత్యేక సెలవిచ్చే కేంద్ర కార్మిక చట్టం లేదు. మొహర్రం సంతాపానికి సంబంధించి మాత్రం వారణాసి దోషీపురా వివాదంలో సుప్రీంకోర్టు 1981లో షియాల ఆచారపు హక్కును సమర్థించింది.

భూమి రికార్డు

గుర్తింపు ఆచరణలో నిలిచేది, పోయేది గ్రామ భూమి రికార్డైన పహాణీలోనే. తెలంగాణలో శ్మశానాలు చాలావరకు ఖారీజ్ ఖాతా కింద, అంటే ఎవరి పట్టాకూ చెందని భూమిగా నమోదయ్యాయి. 1954-55 ఖాస్రా పహాణీలో ఎక్కని బొందలగడ్డ తరతరాలుగా వాడుకలో ఉన్నా దాన్ని నిరూపించడం కష్టం. సొంత పొలంలో కట్టిన సమాధి పట్టా పుస్తకంలో కనిపించదు. పొలం చేతులు మారాక పెద్దలకు దీపం పెట్టడానికి వెళ్లాలన్నా కొన్నవారిని అడగాలి.

ఖబ్రస్తాన్‌లు 1995 వక్ఫ్ చట్టం పరిధిలోకి వస్తాయి. చిరకాల వాడుక వల్లే వక్ఫ్ అయ్యే నిబంధనను 2025 సవరణ ఇకముందుకు తొలగించింది. అప్పటికే రిజిస్టరై, వివాదంలో లేనివి, ప్రభుత్వ భూమి కానివి కొనసాగుతాయి. ఆ తొలగింపును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో నిలిపివేయలేదు.

గ్రామగ్రామానా వైకుంఠధామం పేరుతో శ్మశానవాటిక కట్టే పనిని కొందరు 2020 జనవరి పల్లెప్రగతి విడతతో మొదలుపెడతారు. 2019 సెప్టెంబరులోని ముప్పై రోజుల ప్రణాళికను ఆరంభంగా తీసుకోవడమే సబబు. ఉపాధి హామీ నిధులతో దహన వేదికలు, స్నానాల గదులు వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో పంచాయతీలైన తండాలకూ ఇది దక్కడం చెప్పుకోదగ్గ మేలు. అయితే నమూనా దహనాన్నే కేంద్రంగా తీసుకుంది. సిమెంటు వేదిక లింగాయతుకు గాని, బొంద పెట్టే ఇంటికి గాని పనికిరాదు. వారికి కావలసింది తవ్వడానికి వీలైన మట్టి, రికార్డులో దాని హద్దులు.

హద్దులు లేకపోతే ఏమవుతుందో బస్తర్ జిల్లా ఛింద్వాడ గ్రామపు పాస్టర్ విషయంలో తేలింది. 2025 జనవరి 7న మరణించిన ఆయన దేహం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంది. జనవరి 27న సుప్రీంకోర్టులో జస్టిస్ నాగరత్న సొంత పొలంలో ఖననానికి అనుమతించాలన్నారు. జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ క్రైస్తవులకు కేటాయించిన చోటే జరగాలన్నారు. చివరకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని కర్కపాల్‌లో పూడ్చాలని ఇద్దరూ ఆదేశించారు.

గల్ఫ్ మరణాలు

కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు వలస ఎక్కువ. అక్కడ మరణించిన వారి దేహం రావాలంటే మరణ ధ్రువీకరణ, దేహం చెడకుండా చేసిన శుద్ధి పత్రం, రాయబార కార్యాలయపు నిరభ్యంతర పత్రం, రద్దయిన పాస్‌పోర్టు కావాలి. శంషాబాద్‌లో దిగేది మేకులు కొట్టిన చెక్కపెట్టె. స్నానం చేయించే వీలు చాలాసార్లు ఉండదు; పెట్టె మీదే నీళ్లు చల్లి, పసుపు కుంకుమలు పెట్టి సాగనంపుతారు. సౌదీలో దహన వసతి లేదు. అక్కడే పూడ్చాలంటే వారసుల లిఖితపూర్వక సమ్మతి కావాలి. 2023 డిసెంబరు 7 తర్వాతి గల్ఫ్ మరణాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. విదేశంలోని భారత కాన్సులేట్‌లో నమోదైన మరణం 1969 జనన మరణాల నమోదు చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఇక్కడ నమోదైనట్టే.

దేహం దొరకకపోతే, లేదా మనిషి ఆచూకీ లేకపోతే, మోదుగు కాడలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి శాస్త్రాల్లో ఉంది. దీన్ని పలాశవిధి అంటారు. గరుడ పురాణం 360 కాడలు చెబుతుంది. ఆ దహనంతో ఇంట్లో కర్మ పూర్తవుతుంది, భార్య వితంతువవుతుంది. చట్టం దృష్టిలో మాత్రం ఆమె భర్త ఇంకా బతికే ఉన్నాడు. భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్ ప్రకారం, సహజంగా కబురు తెలియవలసిన వారికి ఏడేళ్లపాటు తెలియకపోతేనే మరణాన్ని ఊహిస్తారు. ఆ ఊహ మరణించాడన్నంత వరకే. ఏ తేదీన మరణించాడో ప్రత్యేకంగా రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2004లో జీవిత బీమా సంస్థ కేసులో తేల్చింది. కబురు ఆగిన వెంటనే పోలీసు ఫిర్యాదు నమోదు చేయించి, రసీదు దాచుకోవడం ఆ కుటుంబాలకు తప్పనిసరి. కర్మ జరిపిన రోజు ఏ రిజిస్టరులోనూ ఉండదు.