కోటగోడ మీది మేడ: కతానియా బిస్కారి ప్రాసాదం

1693 జనవరి 11న ఆగ్నేయ సిసిలీలో సంభవించిన భూకంపంలో సుమారు 60,000 మంది మరణించారు. కతానియా దాదాపు నేలమట్టమైంది. ఆ శిథిలాలపై వికసించిన సిసిలియన్ బరోక్ వాస్తురీతిని నగర పునర్జన్మగా కీర్తించడం పరిపాటి. ఆ మాట అసత్యం కాదు, అసంపూర్ణం.

పతెర్నో కాస్తెల్లో వంశీయుల బిస్కారి ప్రాసాదం ఇందుకు తార్కాణం. సముద్రం వైపు నుంచి వచ్చే దాడులను నిలువరించడానికి ఐదవ చార్లెస్ చక్రవర్తి కాలంలో కట్టిన ప్రాకారమే దీనికి పీఠం. ఊరందరి రక్షణకై లేచిన గోడ, భూకంపానంతరం అనుమతి పొందిన ఒక ప్రభుకుటుంబపు మేడకు ఆధారమైంది. శిల్పవైభవంలో అధికభాగం వీధిని కాక సముద్రాన్ని చూస్తుండడం గమనార్హం. అంతోనినో అమాతో మలచిన కిటికీల చుట్టూ బాలదేవతలు, లతలు, మానవాకృతులు ఖాళీ లేకుండా అల్లుకున్నాయి. ముదురు గోడపై ఆ తెల్లరాయి మరింత ప్రస్ఫుటం.

లోపలి నృత్యశాల రొకోకో శైలిలోనిది. దాని గుమ్మటం నడుమ అండాకారపు తెరపి ఉంది. వాద్యకారులు ఆ పైఅంతస్తు నుంచే వాయించేవారు.

ఐదవ ప్రభువు ఇగ్నాజియో పురావస్తు ప్రియుడు. 1758లో ఇక్కడే మ్యూజియం నెలకొల్పాడు. 1786లో ఆయన మరణించగా, మరుసటి ఏడాది వచ్చిన జర్మన్ కవి గోథేకు ప్రాచీన నాణేలు చూపినది ఆయన కుమారుడు.