భూకంపాల చిట్టా ఎలా పుట్టింది

భారతదేశంలో వచ్చిన భూకంపాలను తేదీల వారీగా పేర్చిన ఓల్డ్‌హామ్ జాబితా 1883లో అచ్చయింది. కూర్చినది తండ్రి, అచ్చుకు సిద్ధం చేసింది కొడుకు. తండ్రి థామస్ ఓల్డ్‌హామ్ 1851లో ఐర్లండ్ నుంచి కలకత్తా వచ్చి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాను నిలబెట్టినవాడు. బొగ్గు ఎక్కడ దొరుకుతుందో వెతికి చెప్పడం అప్పట్లో ఆ సంస్థ ముఖ్యమైన పని. 1869 జనవరి 10న అస్సాం వైపు కచార్ ప్రాంతం కంపించింది. ఆయన స్వయంగా వెళ్లి గోడల పగుళ్లనూ నదీతీరాల్లో నేల చీలికలనూ పరిశీలించాడు. ఆ ఏడాది చివరిదాకా దేశంలో ఎక్కడెక్కడ, ఎప్పుడు నేల కదిలిందో పాత రాతల్లోంచి ఏరి జాబితా కట్టాడు. 1878లో కన్నుమూశాడు. మరుసటేడు అదే సంస్థలో చేరిన కొడుకు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ ఆ కాగితాలను వెలుగులోకి తెచ్చాడు.

ఆ జాబితాలో ఒక పెద్ద తప్పు దొర్లింది. 1737 అక్టోబరులో భూకంపం కలకత్తాను కూల్చిందనీ, 3 లక్షల మంది చనిపోయారనీ అప్పటికే యూరప్‌లో అచ్చులో తిరుగుతున్న కథ అందులోనూ చేరింది. రోజర్ బిల్హామ్ అనే శాస్త్రజ్ఞుడు ఈస్టిండియా కంపెనీ దస్తావేజులు తిరగేసి 1994లో అసలు సంగతి బయటపెట్టాడు. ఆ రాత్రి వచ్చింది తుపాను. కంపెనీ లెక్క ప్రకారం చనిపోయింది సుమారు 3,000 మంది. అప్పటి కలకత్తా జనాభాయే 3 లక్షలకు చాలా తక్కువ. అయినా ప్రపంచపు ఘోర భూకంపాల పట్టికల్లో ఆ అంకె ఇంకా కనబడుతూనే ఉంటుంది. దీనివల్ల థామస్ ఓల్డ్‌హామ్ గౌరవం తగ్గుతుందని నేననుకోను. రాసిపెట్టిన తప్పును వందేళ్ల తర్వాతైనా దిద్దవచ్చు. రాయని నిజాన్ని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

కొడుకు వంతు 1897 జూన్ 12న వచ్చింది. సాయంత్రం అయిదు దాటాక షిల్లాంగ్ పీఠభూమి కుదిపేసినట్టు ఊగింది. రాతి కట్టడాలన్నీ కుప్పకూలాయి. జనం చాలామంది ఆరుబయట ఉన్న వేళ కావడంతో అంత పెద్ద భూకంపంలోనూ మృతులు సుమారు 1,500 మందే. 1899లో వచ్చిన ఓల్డ్‌హామ్ నివేదిక మృతుల లెక్క దగ్గర ఆగలేదు. బండలు తాము కూరుకున్న గుంటల అంచులు చెదరకుండానే పైకెగిరి పక్కన పడ్డాయని గమనించి, నేల కుదుపు గురుత్వాకర్షణనే మించిందని తేల్చాడు. చెద్రాంగ్ వాగు వెంట నేల ఒకవైపు 35 అడుగుల దాకా లేచి, ఉన్న వాగులోనే కొత్త జలపాతాలూ మడుగులూ ఏర్పడ్డ తీరు రాశాడు. కొండచరియలు జారి అడవి పోయిన వాలులనూ, ఇసుక ఎగదన్ని పూడిపోయిన బావులనూ వదల్లేదు. మనుషులకు జరిగిన నష్టాన్నీ నేలకు జరిగిన మార్పునూ ఒకే పుస్తకంలో అంత శ్రద్ధగా పెట్టడమే నా దృష్టిలో దాని గొప్పతనం.

ఆ భూకంపం ప్రకంపనలు దూరాన యూరప్ పరికరాల్లోనూ నమోదయ్యాయి. అలాంటి నమోదుల్లోంచి 1900లో రిచర్డ్ మూడు రకాల తరంగాలను విడదీసి చూపాడు. 1906లో అదే దారిలో భూమికి వేరే కేంద్రభాగం ఉందని ఆధారం చూపాడు. భూకంపం చూసిన అస్సాం జనం నేర్చుకున్నది ఇంకోటి. కర్ర చట్రం, గోడలకు రెల్లుదబ్బల తడికల మీద మెత్తిన పూత, పైన తేలికైన కప్పు ఉన్న ఇళ్లు 1897 తర్వాత బాగా వ్యాపించాయి. అస్సాం తరహా ఇల్లని నేటికీ వాటికి పేరు.

నేలలో వచ్చిన మార్పును జనం గుర్తుపెట్టుకోవడం కొత్త కాదు. అంతకుముందే 1819 జూన్ 16న కచ్ భూకంపంలో ఎడారి మధ్య 80 కిలోమీటర్లకు పైగా మట్టికట్ట లేచింది. మనుషులు కట్టిన కట్టల నుంచి వేరుగా గుర్తుండేలా జనం దానికి అల్లాబంద్, అంటే దేవుడి కట్ట, అని పేరు పెట్టుకున్నారు. పక్కన నేల కుంగి సింద్రీ కోట నీట మునిగింది.

చిట్టాలో ఖాళీ ఉంటే ఏమవుతుందో మహారాష్ట్రలోని కిల్లారి చూపింది. పెద్ద భూకంపం వచ్చిన దాఖలా లేదని ఆ లాతూరు ప్రాంతాన్ని భూకంప మండలాల పటంలో అన్నింటికన్నా తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉంచారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మట్టి మిద్దెలూ రాతి గోడలూ నిద్రలో ఉన్నవాళ్ల మీద పడ్డాయి. దాదాపు 10,000 మంది పోయారు. హైదరాబాదులోనూ జనం ఉలిక్కిపడి లేచారు. 2002లో పటం సవరించినప్పుడు ఒకటో మండలమే లేకుండా చేశారు.

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు గోదావరి లోయలో ఇదేం వింత అన్నవాళ్లున్నారు. కానీ ఇది కొత్త కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చినది 5.7. దానికి రెండేళ్ల ముందు ఒంగోలు కంపించింది. పరికరాల కాలం కాబట్టి ఇవి దొరికాయి. అంతకుముందు శతాబ్దాల్లో తెలుగు నేల ఎన్నిసార్లు కదిలిందో ఊళ్ల చరిత్రలు రాసిన కైఫీయతుల్లో, గుడి జీర్ణోద్ధరణ శాసనాల్లో, జమీందారీ దస్త్రాల్లో వెతకాలి. ఆ పనికి భూభౌతిక శాస్త్రం తెలిసినవాళ్లూ పాత తెలుగు లిపి చదవగలవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.