పక్కవాణ్ణి అడిగితే ఏ గడి?

తిరువూరులో ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్లి, ఆన్‌లైన్ ఫారం నింపడం కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాడి వెనక ఓ ఇరవై సెకన్లు నిలబడండి. మౌస్ జరుపుతాడు. ఆగుతాడు. తప్పు బటన్ నొక్కుతాడు. పక్క కుర్చీ వైపు వంగి, "ఒరేయ్, తర్వాతేంట్రా?" అంటాడు. మొదటి మూడు పనులకూ పరిశీలకుడి కాగితం మీద గడులు దొరుకుతాయి. నాలుగోదాన్ని ఎక్కడ వేయాలి? నేర్చుకునేవాళ్ల చేష్టలకు సంకేతాలిచ్చి లెక్కగట్టే విద్యను మొదటినుంచీ వేధిస్తున్న ప్రశ్న ఇది.

ఆ విద్య కంప్యూటర్ కన్నా ముందే తరగతి గదిలో పుట్టింది. మన బీఈడీ విద్యార్థులు చదువుకునే ఫ్లాండర్స్ పట్టికలో 10 వర్గాలుంటాయి. పరిశీలకుడు 3 సెకన్లకోసారి ఒక అంకె వేస్తాడు. ఏడు గడులు టీచరు మాటలకే పోయాయి. పిల్లలు తమలో తాము చెప్పుకునేదానికి వేరే చోటు లేదు. అర్థం కాని మాటలన్నీ 'మౌనం లేదా గందరగోళం' అనే పదో గడిలో పడ్డాయి. ఇలా గడులు నింపే ఇద్దరు పరిశీలకులు ఒకేలా చూశారా, కాకతాళీయంగా కలిశారా అని తేల్చే కొలత 'కప్పా'ను 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చాడు.

1980లలో చూపు తెర మీదికి మళ్లింది. ఐబీఎంలో జాన్ కారల్ బృందం గమనించిందేమిటంటే, జనం మాన్యువల్ చదవరు, నేరుగా పనిలోకి దూకుతారు. దాంతో మాన్యువల్నే కుదించారు. జిరాక్స్ సంస్థలో లూసీ సుచ్‌మన్ ఇంకో అడుగు వేసింది. కాపీ యంత్రం ముందు కొత్తవాళ్లను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టింది. నాలుగు వరసల పట్టిక గీసి, వాళ్ల సంభాషణను 'యంత్రానికి అందనివి' అనే వరసలో రాసింది. 1987లో ఆమె పుస్తకం వచ్చింది.

మన దేశంలో యంత్రానికి అందని ఆ వరసే ముందుకొచ్చింది. 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగత మిత్రా గోడకు కంప్యూటర్ బిగిస్తే పిల్లలు గుంపుగా నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో ఆయన బృందం 16 మంది పిల్లలకు మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇచ్చి, అయిదు నెలలు వాళ్ల ఇంగ్లిష్ ఉచ్చారణను గమనించింది. ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఉదయ్ సింగ్ పవార్, జొయోజీత్ పాల్, కెంటారో టొయామా మరోటి పట్టించుకున్నారు: బడిలో ఒకే తెర ముందు నలుగురు, మౌస్ మాత్రం ఒకడి చేతిలో. ఒకే తెరకు అనేక మౌస్‌లు తగిలించే ఆలోచన 2006లో అలా వచ్చింది.

ర్యాన్ బేకర్ తదితరుల బ్రాంప్ పద్ధతి చివరికి పక్కవాడితో ఆడే మాటకు గడి కట్టింది. ఓరకంటితో ఒక్కో పిల్లవాణ్ణి గరిష్ఠంగా 20 సెకన్లు చూసి, 'పనిమీదే ముచ్చట' అని విడిగా గుర్తిస్తారు. కప్పా 0.6 దాటితేనే పరిశీలకుడికి అర్హత.

ఇప్పుడు ప్రతి క్లిక్కునూ సాఫ్ట్‌వేరే నమోదు చేస్తోంది. కానీ "తర్వాతేంట్రా?" అన్న మాట ఆ చిట్టాలో ఉండదు, ఆగిన క్షణాలు మాత్రమే ఉంటాయి. కేవలం చిట్టా చూసి ఆ కుర్రాడికి మార్కులేసేవాడు మళ్లీ పదో గడి దగ్గరికే వెళ్తున్నాడు.