మిషన్ సంగతి రాయని దరఖాస్తు

మా నాయినకు సంతకం రాదు. అయినా ఆయన పేరుమీద ఇంగ్లీషుల ఒక దరఖాస్తు ఉంది. కింద ఎడమచేతి బొటనవేలి ముద్ర. 1994లో ఉప్పల్‌ల టైపు మిషన్ పెట్టుకున్న ఒకాయన దగ్గర పైసలిచ్చి కొట్టించిన కాగితం అది.

మాది భువనగిరి దిక్కు పల్లె. మాదిగోళ్లం. భూమి లేదు. 1986లో నాయిన, అమ్మ వరంగల్ రోడ్డు పట్టుకొని ఉప్పల్‌కొచ్చిండ్రు. అప్పటికే ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో కంపెనీలు నడుస్తున్నయి. నాచారంల ఒక ప్లాస్టిక్ డబ్బాల కంపెనీల నాయిన కాంట్రాక్టు కూలీగా చేరిండు. ముందు బస్తాలు మోసిండు. రెండేండ్లకు మౌల్డింగ్ మిషన్ మీద హెల్పరయిండు. ఆపరేటరు రాని దినం మిషనంతా నాయినదే. వేడి తక్కువైతే డబ్బా అంచు పూర్తిగా రాదు, ఎక్కువైతే కాలిన మరక పడ్తది. మరక పడకముందే వాసన పట్టి చెప్పేటోడు. ఎనిమిదేండ్లకు ఆ కంపెనీల పర్మినెంటు పోస్టులు పడ్డయని తెలిసి, ఆ దరఖాస్తు పెట్టిండు. ఉద్యోగం రాలె. కారణం ఎవరూ చెప్పలె.

నేను ఇంటర్ చదివేటప్పుడు రేషన్ కార్డు కోసం సందుగ వెతుకుతుంటే దాని నకలు దొరికింది. కూడబలుక్కొని చదివిన. ‘నేను బీద హరిజనుణ్ణి, పెద్ద సంసారం, తమరి దయ తప్ప దిక్కు లేదు, ఉద్యోగమిస్తే తమరి ఆయురారోగ్యాల కోసం జీవితాంతం ప్రార్థిస్త’. అంతే. తెలుగుల చెప్పి వినిపించిన. నాయిన చానాసేపు సప్పుడు చేయలె. తర్వాత అడిగిండు: “మిషన్ నడుపుతనని రాయలేదా బిడ్డా? ఆయనకు అన్నీ చెప్పిన గద.”

ఆ ప్రశ్న నన్ను ఇప్పటిదాకా వదలలేదు. చెప్పింది నాయిన. రాసింది ఇంకొకరు. పని పోయి, బీదతనం మిగిలింది.

టైపు కొట్టినాయన తప్పు కూడా పూర్తిగా ఆయనది కాదు. ఆ వరస ఆయన కంటే ముసలిది. దరఖాస్తు ఫార్సీ మాట, అర్జీ అరబ్బీ మాట. నిజాం రాజ్యంల 1884లో ఫార్సీ పోయి ఉర్దూ కచేరీ భాషయింది. అర్జీ మొదట్ల ‘గరీబ్‌పర్వర్’, అంటే బీదల్ని సాకే దొర. చివర్ల ‘ఫిద్వీ’, అంటే మీకోసం ప్రాణమిచ్చే బంటు. ఇంగ్లీషుల కూడా ‘వేడుకుంటున్నాను’ అనే మొదలు. భాషలు మారినయి గానీ వంగిన నడుం లేవలె. అక్షరం రానోడు ఆ భాషల్లో తన పేరుతో ఏం రాసిండ్రో ఎట్ల తెలుసుకుంటడు? అందుకే భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌ల మన పిల్లల కోసం బడి పెట్టిండు. పలక చేతికి రావడమంటే మన సంగతి మనమే రాసుకోవడం.

అట్ల రాసిన కాగితం ఒకటుంది. 1942లో అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌ల కార్మిక సభ్యుడయిండు. ఆ ఏడే అక్టోబర్ 29న షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద ప్రభుత్వానికి ఒక వినతిపత్రం ఇచ్చిండు. ఐసీఎస్‌ల వెయ్యి మందికి పైగా అధికారులుంటే మనవాడు ఒక్కడే అని లెక్క చూపిండు. దయ అడగలె, వాటా అడిగిండు. 1943 ఆగస్టుల కేంద్ర సర్వీసుల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. పేరుకు వినతిపత్రమే గానీ దాంట్ల లెక్కే మాట్లాడింది. నాకు దరఖాస్తు రాయడం నేర్పింది ఆ పద్ధతే.

మా ఇంట్ల మొదటి డిగ్రీ నాది. 2010లో బీఎస్సీ అయినంక ఉప్పల్, నాచారం, హబ్సిగూడల కంపెనీలకు, ప్రైవేటు బళ్లకు దరఖాస్తులు పంపిన. ఏ పేపర్ల ఏ తేదీన ప్రకటన చూసిన్నో మొదటి వాక్యం. ఏ పోస్టుకో రెండోది. తర్వాత నేనేం చేయగలను, దానికి రుజువేంది: లెక్కలల్ల వచ్చిన మార్కులు, హాస్టల్ పిల్లలకు రెండేండ్లు ట్యూషన్ చెప్పిన సంగతి. ఒక్క పేజీ దాటలె. ‘దయ’ అనే మాట ఎక్కడా రాయలె.

అయినా జవాబులు రాలె. నా రూంమేటుకు నావే మార్కులు, నాదసొంటి ఇంగ్లీషే. అతని పేరుకు కులం తోక ఉంది. అతనికి పిలుపులొచ్చినయి. నన్ను పిలిచిన ఒక్క చోట లెక్కలడగలె. “ఊర్ల మీ ఇల్లు ఎక్కడ?” అనడిగిండ్రు.

లోపం నా ఉత్తరంలనే ఉందని చానా రోజులు అనుకున్న. తర్వాత సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో అచ్చేసిన పరిశోధన చదివిన. పత్రికల్లోని 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపిండ్రు. చదువు, అనుభవం సమానం, పేర్లే వేరు. పైకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం సుమారు మూడింట రెండొంతులు, ముస్లిం పేరుకు మూడో వంతు. చదివిన రాత్రి నిద్ర పట్టలె. బాధతోటి కాదు, తప్పు నాది కాదని తెలిసిన తేలికతోటి.

2017 అక్టోబర్‌ల టీచర్ పోస్టుల నోటిఫికేషన్లు పడ్డయి. మొత్తం 8,792. అప్పటికి బీఎడ్ అయింది. ఈసారి ఉత్తరమే లేదు, కంప్యూటర్‌ల గడులు నింపుడే. ఎస్సీ అనే గడిని ఏ సిగ్గూ లేకుండ నింపిన. అది అడుక్కునే మాట కాదు, లెక్క చూపి తెచ్చుకున్న వాటా. 2019లో ఆర్డరు చేతికొచ్చింది. నాయిన ఆ కాగితం మీద బొటనవేలు తడిమి, “దీంట్ల నీ పని రాసి ఉందా?” అనడిగిండు. ఉంది నాయినా అన్న.

ఇప్పుడు నా తరగతిల కూసునే పిల్లల అమ్మానాయినలు చానామంది ఆ కంపెనీల గేట్ల ముందు నిలబడేటోళ్లే. ఈమధ్య నా పాత విద్యార్థి ఒకడు దుకాణంల లెక్కలు రాసే పనికి దరఖాస్తు రాసుకొచ్చిండు. మొదటి వాక్యం: ‘నేను చాలా పేదవాణ్ణి’. దాన్ని కొట్టేసిన. “నువ్వేం జేయగలవ్‌రా?” అన్న. తల వంచుకున్నడు. రెండోసారి అడిగితే చెప్పిండు: వాళ్లమ్మ టిఫిన్ బండి ఉద్దెర లెక్కలన్నీ ఏడో తరగతి నుంచి వాడే రాస్తున్నడంట, రూపాయి తేడా రాలేదంట.

“ఇది రాయి” అన్న. “సార్, ఇది గూడ రాస్తరా?” అన్నడు.

రాయాలె. పిలుపు వస్తదో రాదో మన చేతుల లేదు, ఆ పేర్ల లెక్క మీద కొట్లాట వేరే ఉంది. మన కాగితం మీద మన పని మాత్రం ఉండాలె. వాడు నా ముందు కూసొని రాసిండు. కింద ‘భవదీయుడు’ అని పెట్టి, సంతకం చేసిండు.