అయోడిన్ లోపం: భారతదేశంలో దాని భౌగోళిక చరిత్ర

అయోడిన్ లోపం హిమాలయ సానువులకే పరిమితమని మొదట అనుకున్నారు. తర్వాత అది దేశమంతటా ఉన్నట్టు తేలింది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు. ఆ కాస్తా అందకపోతే థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గొంతు దగ్గర గడ్డలా కనిపిస్తుంది. ఇదే గళగండం, వాడుకలో గాయిటర్. గర్భిణికి అయోడిన్ మరీ తక్కువైతే పుట్టే బిడ్డకు వినికిడి, మాట, బుద్ధి వికాసం, ఎదుగుదల దెబ్బతింటాయి.

నేలలోని అయోడిన్‌ను మంచు, వానలు, వరదలు కడిగి సముద్రానికి చేరుస్తాయి. నేలలో లేనిది పంటలోకీ రాదు, ఆ గడ్డి మేసిన పశువు పాలలోకీ రాదు. కాశ్మీరు నుంచి ఈశాన్య కొండల దాకా సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున విస్తరించిన ‘గాయిటర్ పట్టీ’కి కారణం ఇదే.

ఈ కారణం మొదట్లో ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. 20వ శతాబ్ది తొలి దశకంలో గిల్గిత్‌లో పనిచేసిన బ్రిటిష్ వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ తాగునీటి కాలుష్యాన్ని అనుమానించాడు. ఆ నీళ్లను వడకట్టగా మిగిలిన మడ్డిని తానూ తాగి, ముందుకొచ్చిన మరికొందరి చేతా తాగించాడు. కొందరికి గొంతు వాచింది కూడా. దాంతో ఆయన అనుమానం మరింత బలపడింది. 1918లో కూనూరులో ఆయన మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే పెరిగి పెద్దదై, హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అసలు మలుపు హిమాచల్‌లోని కాంగ్రా లోయలో వచ్చింది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, కూనూరు ప్రయోగశాలలో పనిచేసిన వులిమిరి రామలింగస్వామి 1956లో సహచరులతో కలిసి అక్కడ ప్రయోగం మొదలుపెట్టారు. సుమారు లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని మూడు మండలాలుగా విడగొట్టి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. మొదట మూడు చోట్లా దాదాపు 38 శాతం మందికి గాయిటర్ ఉంది. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్న మండలాల్లో అది 19, 15 శాతానికి దిగింది. మామూలు ఉప్పు మండలంలో 40 శాతం దగ్గరే ఉండిపోయింది. ఆ ఏడాది నుంచి వాళ్లకీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. దాన్ని అన్నేళ్లు వాళ్లకు అందకుండా ఆపి ఉంచిన పద్ధతిని నేటి నైతిక కమిటీలు ఒప్పుకుంటాయా అన్నది అనుమానమే. కానీ ఆ పోలిక లేకపోతే ఉప్పు సంగతి అంత గట్టిగా రుజువయ్యేది కాదు.

1962లోనే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అయితే అయోడిన్ ఉప్పు పట్టీలోని జిల్లాలకే వెళ్లింది. వ్యాధిని వెతికిందీ అక్కడే కాబట్టి అది కనిపించిందీ అక్కడే. 1980లలో భారత వైద్య పరిశోధనా మండలి పట్టీకి బయటి జిల్లాల్లోనూ సర్వే చేయించగా, మైదానాల్లోనూ గడ్డలు బయటపడ్డాయి. మన తూర్పు కనుమల ఏజెన్సీ గ్రామాలూ ఇందుకు మినహాయింపు కాదు. దేశంలోని తినే ఉప్పంతటికీ అయోడిన్ కలపాలని 1984లో నిర్ణయించారు. 1992లో కార్యక్రమం పేరులోని ‘గాయిటర్’ స్థానంలో ‘అయోడిన్ లోప రుగ్మతలు’ వచ్చి చేరింది.

చట్టం మాత్రం నిలకడగా సాగలేదు. అయోడిన్ లేని ఉప్పుపై 1990ల చివర్లో వచ్చిన కేంద్ర నిషేధాన్ని 2000లో ఎత్తేశారు, 2006లో మళ్లీ పెట్టారు. ఉప్పు తయారీ దగ్గర కిలోకు 30, వినియోగదారు దగ్గర 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం. రోజుకు 10 గ్రాముల ఉప్పు తిన్నా 150 మైక్రోగ్రాములు అందాలన్నదే ఆ 15 వెనుక లెక్క. తేమకు తట్టుకుంటుందని అయోడైడ్ బదులు పొటాషియం అయోడేట్ కలుపుతారు.

2018–19 జాతీయ సర్వేలో పటం దాదాపు తిరగబడింది. తగినంత అయోడిన్ ఉన్న ఉప్పు వాడే కుటుంబాలు జమ్మూకాశ్మీర్‌లో 99.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 63.9, తమిళనాడులో 61.9 శాతమే. కొండలకు ఉప్పు దూరం నుంచి, ప్యాకెట్లలో వెళ్తుంది. నౌపడ, చినగంజాం లాంటి చోట్ల మాత్రం ఉప్పు మళ్లు ఊరి పక్కనే ఉంటాయి. అయోడిన్ కలపని అక్కడి కల్లుప్పు చవక, పచ్చళ్లకు అదే ఇష్టం. ఎండుచేపలకు, పశువులకు, తోళ్లకు అమ్మే ఉప్పుకు నిషేధం వర్తించదు కాబట్టి, ఆ బస్తాల్లోని ఉప్పు వంటింటికి చేరకుండా ఆపడం కష్టం.